సిలిండర్‌లో దిగింది, ట్యాంకులో ఎందుకు దిగలేదు?

హైదరాబాద్ నాచారం పారిశ్రామికవాడలో ఏదో ఒక యూనిట్‌లో మీరు ఈటీపీ, అంటే వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు, చూస్తున్నారనుకుందాం. కెమిస్ట్రీ డిగ్రీ చేతికొచ్చి ఎంతో కాలం కాలేదు. పొద్దున షిఫ్టుకి రాగానే ఏరేషన్ ట్యాంకులోంచి ఒక మగ్గు ముంచుతారు, సిలిండర్‌లో పోస్తారు, అరగంట ఆగుతారు, బురద ఏ గీత దగ్గర నిలిచిందో చూసి రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. 300. బాగానే ఉంది. ఛాయ్ తాగి క్లారిఫైయర్ దగ్గరికి పోతే అక్కడ బురద గట్టు దాటి తేట నీళ్లతో పాటే పొర్లిపోతూ ఉంటుంది. వెనకాలే మేనేజర్.

"ఏమ్మా, రిజిస్టర్‌ల మంచిగనే రాసినవ్ గద. మరి ఇదేంది?"

ఏం చెప్తారు?

చాలామంది ఇక్కడ రెండే పనులు చేస్తారు. బురదను ముద్దకట్టించే పాలీ (పాలిమర్ మందు) డోసు పెంచేస్తారు. లేదంటే "శాంపిల్ సరిగ్గా రాలేదు సార్" అని తప్పించుకుంటారు. మొదటిదాంతో డబ్బు పోతుంది, రెండోదాంతో పరువు పోతుంది. బురద మాత్రం పొర్లుతూనే ఉంటుంది.

సిలిండర్ మీకు అబద్ధం చెప్పలేదు. ఈ గాజు గొట్టంలో, ఇంత వేడి నీళ్లలో, ఇలా నిలబెడితే ఈ బురద అరగంటకు ఎక్కడికి చేరుతుంది అన్నదానికి అది జవాబిచ్చింది. నా ట్యాంకులో ఎలా దిగుతుంది అని అడిగాననుకున్నది మీరు. ఈ రెండు ప్రశ్నల మధ్య దూరం ఎంతుందో కొలవడం వస్తే, రిజిస్టర్‌లో అంకె వేసేటప్పుడు చెయ్యి వణకదు.

ఈ తిప్పలు మీ ఒక్కరివే అనుకోకండి. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్లు, నాగోల్‌లో 172 మిలియన్ లీటర్లు, ఉప్పల్ నల్లచెరువు దగ్గర 30 మిలియన్ లీటర్ల మురుగునీటిని శుద్ధి చేసేలా కట్టిన జలమండలి ప్లాంట్లున్నాయి. అంతంత పెద్ద ప్లాంట్లలోనైనా బురద ఎలా దిగుతోందో చూడాలంటే ముందు చేతికి అందేది లీటరు సిలిండరే. ఉప్పల్‌లో డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఈఎస్‌ఆర్ (గొట్టంలో రక్తకణాలు ఎంత దిగాయో చూసే పరీక్ష) పెట్టే టెక్నీషియన్‌కూ ఇదే సమస్య. మందుల కంపెనీలో సస్పెన్షన్ సీసాలు కదిపి చూసే అమ్మాయికీ ఇదే. సివిల్ ల్యాబ్‌లో హైడ్రోమీటర్‌తో మట్టిని పట్టుకుని కుస్తీ పట్టే కుర్రాడికీ ఇదే. అందరి దగ్గరా అంకెను అటూ ఇటూ లాగేవి ముఖ్యంగా రెండు: నలుసు ఆకారం, పాత్ర గోడ.

పుస్తకంలో 1851 నాటి స్టోక్స్ సూత్రం ఉంటుంది. అది ఒకే ఒక్క గుండ్రటి గింజ, దరిదాపుల్లో గోడ లేని ద్రవంలో, నెమ్మదిగా దిగడం గురించి. మీ సిలిండర్‌లో గింజ ఒంటరిగా లేదు, గుండ్రంగా లేదు, గోడ పక్కనే ఉంది. సూత్రాన్ని తిట్టక్కర్లేదు. ప్రస్తుతానికి పుస్తకం మూసేసి పనిలోకి దిగుదాం.

1. వంద ఎంఎల్ సిలిండర్‌ను అల్మరాలో పెట్టేయండి

"శాంపిల్ తక్కువుంది మేడం, చిన్నదాంట్ల పెట్టి పదితోటి గుణిస్త" అని ఆపరేటర్ అంటాడు. లెక్క చూస్తే బాగానే ఉంది కదా? బాగా లేదు.

నలుసు కిందికి దిగాలంటే దాని కింద ఉన్న నీళ్లు పక్కనుంచి పైకి రావాలి. ఉప్పల్ రింగ్‌రోడ్డులో బస్సు ఆగినప్పుడు దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకే తలుపు దగ్గర తోసుకుంటారు చూడండి, ఇరుకు గొట్టంలో జరిగేది అదే. నెమ్మదిగా దిగే గుండ్రటి నలుసు విషయంలో ఈ తోపులాటకు కచ్చితమైన లెక్కే ఉంది. 1922లో ఫాక్సెన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త కట్టాడు. గొట్టం వెడల్పు నలుసుకు 100 రెట్లుంటే వేగం సుమారు 2 శాతం తగ్గుతుంది. 20 రెట్లుంటే 10 శాతం. 10 రెట్లే ఉంటే 20 శాతం పైనే.

ఇప్పుడు మీ సిలిండర్‌కు వద్దాం. వంద ఎంఎల్‌ది లోపలి వెడల్పు రెండున్నర, మూడు సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. బాగా కట్టిన ఫ్లాక్, అంటే నలుసులు అంటుకుని కట్టిన బురద ముద్ద, 2 మిల్లీమీటర్లుందనుకోండి. ఒక్క ఫ్లాక్ ఒంటరిగా దిగినా గోడ వల్లే 15 శాతం దాకా వేగం పోయింది. లీటరు సిలిండర్ ఆరు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఆ నష్టం 7 శాతం దగ్గర ఆగుతుంది. చిన్నదాంట్లో వచ్చిన అంకెను పదితో గుణిస్తే తప్పు కూడా పదింతలై కూర్చుంటుంది.

బురద చిక్కబడ్డాక ఇంకో చిక్కు వస్తుంది. ఫ్లాక్‌లు ఒకదాన్నొకటి పట్టుకుని, ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా పట్టేసుకుంటాయి. సిలిండర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. బురద మధ్యలో అడ్డంగా సన్నటి నెర్రె, దానిలో తేట నీళ్లు కనబడతాయి. పై బురద కిందికి జారకుండా గోడలను పట్టుకుని వేలాడుతోందన్నమాట. గోటితో సిలిండర్‌ను ఒక్కసారి తట్టండి. నెర్రె మూసుకుని మొత్తం బురద ఒక్క పెట్టున రెండు మూడు గీతలు కిందికి కూలుతుంది. అలా కూలితే మీరు అంతకు ముందు చదివిన అంకె గాజుది, బురదది కాదు.

ఎలా పరీక్షించుకోవాలి? ఒకే బకెట్ నీళ్లను లీటరు సిలిండర్‌లోనూ, పక్కనే వెడల్పాటి రెండు లీటర్ల గాజు బీకర్‌లోనూ పోయండి. అరగంటకు రెండింట్లోనూ బురద ఎంత శాతం ఎత్తులో ఉందో చూడండి. దగ్గరదగ్గరగా వస్తే మీ సిలిండర్‌ను నమ్మొచ్చు. బీకర్‌లో బాగా కిందికి దిగి, సిలిండర్‌లో పైనే ఉంటే ఇక నుంచి బీకరే వాడండి. ఖర్చు లేని పని.

ఒక మాట. నీళ్లలో గబగబా పడిపోయే ముతక ఇసుకకు గోడ బాధ ఇంత ఉండదు. నెమ్మదిగా దిగేవాటికే గోడ ఎక్కువ అడ్డు.

2. కౌంటర్ మీద రసమట్టం పెట్టి చూడండి

తాపీమేస్త్రీ దగ్గర ఉండేదే. లేకపోతే ఫోన్‌లో ఉన్న లెవెల్ యాప్ చాలు. మీ ల్యాబ్ కౌంటర్ సమంగా ఉందని ఎప్పుడైనా చూశారా? కడిగిన నీళ్లు సింకులోకి పోవాలని చాలా కౌంటర్లను కావాలనే వాలుగా కడతారు. ఆ వాలు మీద సిలిండర్ నిలబెడితే ఏమవుతుంది? ఇంకా మెల్లగా దిగుతుందని అనుకుంటాం. జరిగేది పూర్తిగా తిరగబడి ఉంటుంది. వాలుగా పెట్టిన గొట్టంలో బురద వేగంగా దిగుతుంది.

దీన్ని మొదట నీళ్లలో కనిపెట్టలేదు, రక్తంలో కనిపెట్టారు. 1920లో బాయ్‌కాట్ అనే ఇంగ్లండ్ వైద్యుడు సన్నటి గొట్టాల్లో రక్తం పోసి ఉంచితే, నిటారుగా ఉన్న గొట్టంలో కంటే వాల్చిన గొట్టంలో రక్తకణాలు త్వరగా దిగడం చూశాడు. కారణం దగ్గరగా చూస్తేనే కనబడుతుంది. వాల్చిన గొట్టంలో నలుసు అడుగు దాకా పోనక్కర్లేదు. నిట్టనిలువుగా కాస్త దూరం పడగానే కింది గోడ తగులుతుంది, ఇక ఆ గోడ వెంట జారిపోతుంది. పై గోడకు ఆనుకుని మాత్రం సన్నటి తేట నీటి పొర ఏర్పడి, పైకి గబగబా పాకుతుంది. దిగేదానికి ఒక దారి, ఎక్కేదానికి ఒక దారి దొరికింది. ఇక తోపులాట ఎక్కడుంది?

ఈఎస్‌ఆర్ పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇక్కడ కాస్త ఆగి చదవాలి. వెస్టర్‌గ్రెన్ గొట్టం లోపల రెండున్నర మిల్లీమీటర్ల సన్నం, 200 మిల్లీమీటర్ల గీతలు, గంట సమయం. అది 3 డిగ్రీలు వాలితే చాలు, రీడింగ్ 30 శాతం దాకా పెరగొచ్చని ల్యాబ్ పుస్తకాలు హెచ్చరిస్తాయి. 20 రావలసింది 26 వస్తుంది. మూడు డిగ్రీలంటే కంటికి ఆనదు. స్టాండు ఒక కాలికింద మడిచిన కాగితం ముక్క చాలు. రీడింగ్ చూసి డాక్టర్ ఇంకో నాలుగు పరీక్షలు రాస్తే, ఆ ఖర్చు మోసేది నాచారం నుంచి ఆటోలో వచ్చిన ఏ పెద్దాయనో. స్టాండును ఫ్రిజ్ పక్కన పెట్టకండి, అది అదిరినప్పుడల్లా గొట్టమూ అదురుతుంది. ఎండ పడే కిటికీ దగ్గరా పెట్టకండి.

మళ్లీ మీ ఈటీపీకి. పొద్దున 300 వచ్చిన సిలిండర్ వాలు మీద ఉందేమో చూశారా? ఒక పక్క గోడకు బురద ఎక్కువగా, రెండో పక్క తేటగా ఉంటే ఇంకేం చూడనక్కర్లేదు, రసమట్టం తెచ్చుకోండి.

3. చిక్కగా ఉంటే పలచన చేసి మళ్లీ చూడండి

గుంపులో నలుసుల వేగం బాగా పడిపోతుంది. నీళ్లలో నూటికి పది పాళ్ల చోటు నలుసులదే అయితే, ఒంటరి నలుసు వేగంలో దాదాపు 40 శాతం పోయినట్టే. 1954లో రిచర్డ్‌సన్, జాకీ అనే ఇద్దరు ఈ లెక్క తేల్చారు.

అరగంటకు బురద 250 గీత దాటి ఉంటే, అది చిక్కదనమా, జబ్బా అన్నది ఒక్క సిలిండర్‌తో తేలదు. క్లారిఫైయర్ నుంచి వచ్చే తేట నీళ్లతోనే శాంపిల్‌ను సగానికి పలచన చేసి పక్కన ఇంకో సిలిండర్ పెట్టండి. కుళాయి నీళ్లు వాడకండి, ఉప్పు మారితే ఫ్లాక్ తీరు మారుతుంది. పలచన చేసినదాంట్లో వచ్చిన అంకెను రెండుతో గుణిస్తే మొదటి అంకె దగ్గరకే వచ్చిందా? బురద నిజంగానే ఉబ్బి ఉండొచ్చు. బాగా తక్కువ వచ్చిందా? మొదటి సిలిండర్‌లో ఇరుకు మాట్లాడింది.

వీలైతే సన్నటి కడ్డీతో నిమిషానికి ఒకటి రెండు చుట్లు, అంత మెల్లగా, కలుపుతూ ఉండండి. గోడల మధ్య పట్టేసుకునే బురదకు ఇదే మందు. ట్యాంకులో ఎలాగూ స్క్రేపర్ తిరుగుతూనే ఉంటుంది కదా.

పోసేటప్పుడూ జాగ్రత్త. ఎత్తు నుంచి ధారగా పోస్తే ఫ్లాక్ విరిగి పొడి అవుతుంది. సిలిండర్‌ను కాస్త వంచి, గోడ వెంట జార్చండి. ఒక్కసారి మెల్లగా కలిపి నిలబెట్టేయండి.

4. నలుసు ముఖం చూడండి

బరువు ఎంతో చూస్తాం, సైజు ఎంతో చూస్తాం. ఆకారం ఎందుకు చూడం?

ఇంట్లో పిల్లలతో కలిసి చేయగలిగిన పని ఒకటుంది. బంకమట్టి రెండు ముద్దలు సమానంగా తీసుకోండి. ఒకదాన్ని గోళీ చేయండి, ఇంకోదాన్ని వేళ్లతో పలచగా వత్తండి. రెండింటినీ బకెట్ నీళ్లలో ఒకేసారి వదలండి. గోళీ నేరుగా అడుక్కి పోతుంది. పలక అటూ ఇటూ ఊగి, పక్కకు జారి, ఒక్కోసారి బకెట్ గోడకు తగిలి అప్పుడు దిగుతుంది. మట్టి అదే, బరువు అదే.

మీ ట్యాంకులోని సూక్ష్మమైన నలుసులు ఇలా ఊగవు. నీళ్లు వాటికి తేనెంత చిక్కగా అనిపిస్తాయి కాబట్టి, ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలోనే మెల్లగా దిగుతాయి. అక్కడా ఆకారం మాటే చెల్లుతుంది. సన్నటి పొడవాటి సూది నిలువుగా దిగితే, అడ్డంగా దిగినప్పటి కంటే దాదాపు రెట్టింపు వేగంతో పోగలదు. ఏటవాలుగా ఉందంటే నేరుగా దిగదు, పక్కకు జారుతూ గోడ దాకా పోతుంది. ఇక్కడే ఆకారమూ గోడా కలిసి మీ మీదకు వస్తాయి. గుండ్రటి నలుసుకు సరిపోయిన సిలిండర్ సూదులకు ఇరుకవుతుంది.

మందుల యూనిట్లలో సూది స్ఫటికాలు తగులుతుంటాయి. అవి అడుగున అడ్డదిడ్డంగా పడి, మధ్యలో బోలెడు నీళ్లు పట్టుకుని ఎత్తుగా కూర్చుంటాయి. అదే బరువున్న గుండ్రటి గింజలు అందులో సగం ఎత్తులోనే సర్దుకోవచ్చు. కాబట్టి మడ్డి ఎత్తు చూసి "ఇవాళ సరుకు ఎక్కువొచ్చింది" అని రాసేయకండి. వడకట్టి, ఆరబెట్టి, తూకం వేయండి.

ఏరేషన్ ట్యాంకు బురదలో సూదుల పాత్ర నూలుపోగుల్లాంటి బ్యాక్టీరియా పోషిస్తుంది. ఫ్లాక్‌లోంచి పోగులు బయటికి పొడుచుకొచ్చి పక్క ఫ్లాక్‌ను దగ్గరికి రానివ్వవు. అప్పుడు ఎస్‌వీఐ, అంటే గ్రాము బురద దిగాక తీసుకునే చోటు, పెరుగుతుంది. లెక్క మీకు తెలిసిందే: అరగంట అంకెను వెయ్యితో గుణించి ఎంఎల్‌ఎస్‌ఎస్‌తో (లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల బురద ఉందో ఆ అంకెతో) భాగించాలి. 300 వచ్చిందనుకోండి. ఎంఎల్‌ఎస్‌ఎస్ 3000 ఉంటే ఎస్‌వీఐ 100, హాయిగా నిద్రపోండి. ఎంఎల్‌ఎస్‌ఎస్ 1500 ఉంటే అదే 300కి ఎస్‌వీఐ 200 అవుతుంది. 150 దాటిందంటే ఉబ్బు మొదలైనట్టే. ఎంఎల్‌ఎస్‌ఎస్ లేకుండా ఒట్టి 300 రాయడం వల్ల ఎవరికి లాభం?

మైక్రోస్కోపు ఉంటే వారానికి ఒకసారైనా ఒక చుక్క పెట్టి చూడండి. పోగులున్నాయా, ఫ్లాక్ గుండ్రంగా ఉందా, విరిగి ఉందా, ఫోన్‌తో ఫొటో తీసి తేదీ వేసి ఉంచండి. నా లెక్కలో ఆ ఫొటో రిజిస్టర్‌లోని పది పేజీలకు సమానం.

రక్తంలోనూ ఇదే ఆకారం కథ. ఎర్రకణాలు బిళ్లల్లా ఉంటాయి. కొన్ని జబ్బుల్లో అవి ఒకదానిమీదొకటి దొంతరగా పేరుకుని, ఒక్కటిగా బరువెక్కి వేగంగా దిగుతాయి. ఈఎస్‌ఆర్ పెరిగేది అందుకే. సికిల్‌సెల్ ఉన్నవాళ్ల కణాలు కొడవలిలా వంగి ఉంటాయి, దొంతర కట్టలేవు. ఒంట్లో జబ్బు ఉన్నా ఈఎస్‌ఆర్ తక్కువే చూపిస్తుంది. అంకె తక్కువగా ఉందని సంబరపడటానికి లేదు.

మట్టి పరీక్ష చేసే సివిల్ విద్యార్థులు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. ఐఎస్ 2720 నాలుగో భాగం ప్రకారం హైడ్రోమీటర్‌తో మీకు వచ్చే సైజు, ఆ వేగంతో దిగే ఒక గుండ్రటి గింజ సైజు. బంకమట్టి రేణువు పలక. కాబట్టి అసలు పలక వెడల్పు మీ అంకె కంటే పెద్దదే. జల్లెడ దగ్గర వచ్చిన అంకెతో హైడ్రోమీటర్ అంకె అతకకపోతే లెక్క తప్పిందని కంగారు పడకండి. లక్షల ఖరీదు చేసే లేజర్ యంత్రం కూడా నలుసును గుండ్రం అనుకునే అంకె ఇస్తుంది.

5. నీళ్ల వేడి రాయండి

చిన్న పని, అందరూ వదిలేసేది. అదే నలుసు 15 డిగ్రీల నీళ్లలో కంటే 35 డిగ్రీల నీళ్లలో ఒకటిన్నర రెట్లకు పైగా వేగంగా దిగుతుంది. డిసెంబరు పొద్దునా, మే మధ్యాహ్నమూ ఒకే బురద రెండు రకాలుగా కనబడితే ఆశ్చర్యం ఏముంది? శాంపిల్ ముంచగానే పరీక్ష పెట్టండి. కిటికీ ఎండలో మగ్గు పెట్టి ఛాయ్‌కి పోతే ల్యాబ్‌లో మరో వాతావరణం తయారవుతుంది.

6. అరగంట ఆగకండి, మొదటి పది నిమిషాలు పట్టుకోండి

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే చిట్కా ఇదే. మొదట్లో వచ్చిన కథకు జవాబు ఇందులోనే ఉంది.

అరగంట అంకె బురద ఎక్కడికి చేరిందో చెబుతుంది, ఎంత వేగంతో చేరిందో చెప్పదు. రెండు బురదలూ 300 దగ్గరే ఆగొచ్చు. ఒకటి ఐదు నిమిషాల్లో చేరి కూర్చుని ఉంటుంది, ఇంకోటి అరగంటంతా ఈడ్చుకుంటూ వచ్చి ఉంటుంది. మీ క్లారిఫైయర్‌కు కావలసింది వేగం. ఎందుకంటే అక్కడ నీళ్లు ఊరికే నిలబడి లేవు, పైకి ఎక్కుతున్నాయి.

కాబట్టి ఫోన్‌లో టైమర్ పెట్టి రెండేసి నిమిషాలకు గీత రాయండి. లీటరు సిలిండర్‌లో 1000 గీత నుంచి 700 గీతకు సుమారు 10 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి మీ సిలిండర్‌ది మీరే కొలుచుకోండి. బురద అంచు ఆ దూరం పది నిమిషాల్లో దిగితే గంటకు 0.6 మీటర్లన్నమాట. ఇప్పుడు క్లారిఫైయర్‌కు గంటకు ఎన్ని ఘనపు మీటర్ల నీళ్లొస్తున్నాయో చూసి, దాని పైభాగం వైశాల్యంతో భాగించండి. 20 చదరపు మీటర్ల క్లారిఫైయర్‌కు గంటకు 16 ఘనపు మీటర్లు వస్తే, నీళ్లు గంటకు 0.8 మీటర్లతో ఎక్కుతున్నాయి. 0.6తో దిగేది 0.8తో ఎక్కేదాంట్లో ఎటు పోతుంది?

రోజంతటి సగటు తీసుకోకండి. రియాక్టర్లు కడిగిన నీళ్లు పొద్దున తొమ్మిదికి ఒక్క పెట్టున వచ్చి పడితే, ఆ గంట అంకెతోనే లెక్క చేయాలి.

గోడ మీవైపు ఉన్నప్పుడు

ఇంతసేపూ గోడను తిట్టాం. గోడతో పని చేయించుకునే దారి కూడా ఉంది. క్లారిఫైయర్‌లో ప్లాస్టిక్ గొట్టాల కట్టలు ఏటవాలుగా పేర్చి ఉండటం చూసే ఉంటారు. అదే ట్యూబ్ సెట్లర్. బాయ్‌కాట్ రక్తంలో చూసిన సంగతే, తెలిసి కట్టుకున్నది. మామూలు ట్యాంకులో నలుసు మీటర్ల కొద్దీ దిగాలి. సుమారు ఐదు సెంటీమీటర్ల గొట్టాన్ని 60 డిగ్రీల వాలులో పెడితే, పది సెంటీమీటర్లు పడగానే నలుసుకు కింది గోడ దొరుకుతుంది, ఇక జారడమే.

వాలు ఇంకా తగ్గిస్తే ఇంకా త్వరగా గోడ దొరుకుతుంది కదా, మరి 60 డిగ్రీలే ఎందుకు? పడ్డ బురద కిందికి జారాలి కాబట్టి. 45 డిగ్రీలకు దించితే బురద గోడకే అంటుకుని, గొట్టం పూడుకుపోతుంది. మీ సెట్లర్ ఈ మధ్య పని చేయడం లేదా? డోసు పెంచే ముందు నీళ్లు దించి లోపలికి టార్చి వేసి చూడండి. గొట్టాల మొదట్లో పాచి గానీ, ఎండిన బురద గానీ కనబడితే పైపుతో కడిగించండి. బురద సూదుల్లాంటి, పోగుల్లాంటి సరుకైతే ఇంకా తొందరగా పూడుతుంది, నెల చివరి దాకా ఆగకండి.

గోడతో పని చేయించుకోవడం మన ఊళ్లకూ కొత్త కాదు. బురద నీళ్లకు చిల్లగింజ వాడేవారు. ఆ గింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీళ్లు పోసేవారు. గింజలోని సారం నలుసులను ఒకదానికొకటి అంటించి పెద్దవి చేస్తుంది, అవి తొందరగా అడుక్కి చేరతాయి, పైన తేట మిగులుతుంది. పటిక చేసేదీ, మీ పాలీ చేసేదీ దాదాపు ఇదే.

నమ్మకం కుదరకపోతే చేసి చూడండి

మూడు మిల్లీమీటర్ల స్టీలు బేరింగు గుండ్లు సైకిల్ షాపులో దొరుకుతాయి. గ్లిజరిన్ రెండున్నర లీటర్లు కొనండి. 25 మిల్లీమీటర్ల వెడల్పున్న గాజు గొట్టంలో కొంత, పది సెంటీమీటర్ల వెడల్పున్న గాజు జార్‌లో మిగతాది పోయండి. రెండింటి మీదా 20 సెంటీమీటర్ల ఎడంతో రెండు గీతలు గీయండి. గుండును నడిమధ్యన, ద్రవాన్ని తాకించి వదలండి. మొదటి గీత దాటగానే టైమర్ నొక్కండి. జార్‌లో ఆరు సెకన్ల చిల్లర పడితే, గొట్టంలో ఎనిమిది దాకా పడుతుంది. గ్లిజరిన్‌లో ఉన్న తేమను బట్టి, గది వేడిని బట్టి సెకన్లు మారతాయి, తేడా మాత్రం ఉంటుంది. గోడకు రాసుకుంటూ పోయిన గుండును లెక్కలోంచి తీసేయండి.

తర్వాత గుండు బదులు అంతే మందమున్న స్టీలు తీగ ముక్కను ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వదలండి. మీ ఆపరేటర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేస్తే మంచిది. రేపటి నుంచి చిన్న సిలిండర్ గురించి మీరు చెప్పక్కర్లేదు.

తరచూ జరిగే పొరపాట్లు

సిలిండర్‌ను సరిగా కడగకపోవడం మొదటిది. గోడకు అంటిన పాత పాలీ పొర కొత్త బురదను పట్టుకుంటుంది. గీతలు పడిన ప్లాస్టిక్ సిలిండర్ వాడటం రెండోది. షిఫ్టుకో సిలిండర్ వాడి, రిజిస్టర్‌లో మాత్రం అన్ని అంకెలూ ఒకే వరసలో రాయడం మూడోది, అన్నిట్లోకీ చెడ్డది. పాత్ర మారిందని పక్కన రెండు ముక్కలు రాస్తే ఎవరి సొమ్మేం పోతుంది?

మేనేజర్ మళ్లీ వచ్చినప్పుడు

రేపు పొద్దున రిజిస్టర్‌లో ఒక వరస ఇలా ఉండాలి: లీటరు గాజు సిలిండర్, కౌంటర్ సమం, నీళ్లు 29 డిగ్రీలు, పది నిమిషాలకు 700, అరగంటకు 300, ఎంఎల్‌ఎస్‌ఎస్ 3000, పోగులు కొన్ని. అప్పుడు మాట ఇలా నడుస్తుంది.

"ఏమ్మా, మళ్ల 300 రాసినవ్. అక్కడ పొర్లుతనే ఉంది."

"300 నిజమే సార్. కానీ మొదటి పది నిమిషాలు గంటకు 0.6 మీటర్ల లెక్కన దిగింది. తొమ్మిదింటికి కడిగిన నీళ్లొచ్చినప్పుడు క్లారిఫైయర్‌ల 0.8తోని ఎక్కుతున్నయ్."

"అయితే పాలీ పెంచుదామా?"

"ఇప్పుడే వద్దు సార్. కడిగిన నీళ్లను ఈక్వలైజేషన్ ట్యాంకుల ఆపి, రెండు మూడు గంటలు మెల్లగ వదులుదాం. దాంట్ల సగం ఖాళీనే ఉంది, చూసొచ్చిన."

"సరే. వాల్వు తిప్పమను. పదకొండింటికి మళ్లొకసారి సిలిండర్ పెట్టు."